కండెన్సర్‌లో ప్లాస్టిక్ ముక్క దూరిస్తే లోపలి శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా? మా అమ్మాయికి ఏం చెప్పాలి?

గుంటూరు వైండింగ్

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేటలో ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు వైండింగ్ చేసే చిన్న షాపు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఐటీఐ ఎలక్ట్రీషియన్ దాకా చదివాను, ఆ పైన లేదు.

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటుంది. మొన్న ఆదివారం ఔటింగ్‌కి వచ్చి, గోంగూర పచ్చడి కలుపుకుంటూ అడిగింది: "నాన్నా, నువ్వు రోజూ కండెన్సర్లు మారుస్తావుగా. రెండు పలకల మధ్యలో డైఎలక్ట్రిక్ దూరిస్తే లోపలున్న శక్తి పెరుగుతుందా, తగ్గుతుందా?" కండెన్సర్ అంటే ఆవేశాన్ని దాచే వస్తువు, పుస్తకంలో కెపాసిటర్ అంటారు. డైఎలక్ట్రిక్ అంటే ప్లాస్టిక్, గాజు లాంటి కరెంటు పారని సరుకు.

నేను ఆలోచించకుండా "పెరుగుతుందమ్మా" అనేశాను. కెపాసిటీ పెరుగుతుంది కదా, శక్తీ పెరగాలి అని నా లెక్క. అది నవ్వింది. వాళ్ల మెటీరియల్‌లో ఒక లెక్కకు తగ్గుతుందని జవాబు ఉందట, పక్క పేజీలోనే ఇంకో లెక్కకు పెరుగుతుందని ఉందట. సార్‌ని అడిగితే "రెండు ఫార్ములాలూ బట్టీ కొట్టు, లెక్కలో ఏది సరిపోతే అది వెయ్యి" అన్నారట. ఏది ఎప్పుడు సరిపోతుందో తెలిస్తే అది అడగడమెందుకు?

దాని ముందు తెల్లమొహం వేశాను. బాధేమిటంటే, కండెన్సర్ నాకు తెలియని వస్తువు కాదు. చేత్తో పట్టుకుంటేనే బాగుందో పోయిందో సగం చెప్పగలను. కానీ లోపల ఏం జరుగుతోందంటే మాత్రం నోరు పెగల్లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఎలాగూ అడుగుతున్నాను కాబట్టి ఇన్నేళ్లుగా నాకున్న అనుమానాలు కూడా చెప్పేస్తాను, నవ్వుకోకండి.

ఒకటి, ఫ్యాను కండెన్సర్ మీద 2.5 మైక్రోఫారడ్లు అని ఉంటుంది. మూడు నాలుగు ఎండాకాలాలు పోయాక ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే తీసి మీటర్ పెడతాను, 1.6 అనో 1.4 అనో చూపిస్తుంది. పగల్లేదు, కాలలేదు, వైర్లు ఊడలేదు. మరి ఆ తగ్గినదంతా ఎటు పోయింది? రెండు, అదే 2.5 అయినా 250 వోల్టులది చిన్నగా, 440 వోల్టులది లావుగా ఎందుకుంటుంది? మూడోది మా అమ్మాయిదే. నీళ్లకు డైఎలక్ట్రిక్ స్థిరాంకం 80 అట, ప్లాస్టిక్‌కు రెండు చిల్లర. అలాంటప్పుడు కండెన్సర్‌లో నీళ్లు పోస్తే అగ్గిపెట్టెలో సగం సైజుకు వచ్చెయ్యాలి కదా అంటుంది. నీళ్లు తగిలిన కండెన్సర్ ఏమవుతుందో నాకు తెలుసు. ఎందుకలా అవుతుందో తెలియదు.

ఇంకో మాట. పొటెన్షియల్ అన్న మాట దగ్గరే అది తడబడుతోంది. నాకు వోల్టేజీ అంటే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మీటర్ చూపించేది. దానికి పుస్తకంలో "అనంత దూరం నుంచి ప్రమాణ ఆవేశాన్ని తీసుకురావడానికి చేసిన పని" అని ఉంది. ఈ రెండూ ఒకటేనా?

వచ్చే ఆదివారం మళ్లీ వస్తుంది. అప్పటికి నేను తయారుగా ఉండాలి.

బీటెక్ బ్యాక్‌లాగ్

అన్నా, ఈ చాప్టర్ మీద నాకు రెండుసార్లు మార్కులు పోయాయి కాబట్టి అర్హతతో చెప్తున్నా. "బ్యాటరీ కనెక్టెడ్" అన్న ముక్క లెక్కలో ఎక్కడుందో పెన్సిల్‌తో గీత గీయమను. అది చూడకుండా మొదలెడితే మొత్తం పోయినట్టే. ఎందుకో మాత్రం పెద్దలు చెప్తారు, నాకు రాదు.

పాత ఫిజిక్స్ మాస్టారు

గుంటూరు వైండింగ్ గారికి నమస్కారం. నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మీ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న. ఆ బ్యాక్‌లాగ్ అబ్బాయి ఇచ్చిన సలహా కూడా సరైనదే, దాని వెనకున్న కారణం చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

ముందు పొటెన్షియల్. మీది గుంటూరు కాబట్టి కోటప్పకొండ ఎక్కే ఉంటారు. మెట్ల మీదుగా వెళ్లినా, ఘాట్ రోడ్డు మీదుగా వెళ్లినా చేరేది అదే గుడికి. దారి మారింది, ఎత్తు మారలేదు. బియ్యం బస్తా ఒకటి కింద నుంచి పైకి చేర్చడానికి భూమ్యాకర్షణకు ఎదురుగా చెయ్యాల్సిన పని కూడా ఏ దారినైనా అంతే. మీ కాళ్ల నొప్పుల లెక్క వేరు, దాన్ని వదిలెయ్యండి. కిలో సంచీ మోశారా, పాతిక కిలోల బస్తా మోశారా అన్నదాన్ని బట్టి పని మారుతుంది. కిలోకు ఎంత పని అని భాగించి చూస్తే అది కొండ ఎత్తును బట్టే ఉంటుంది, బస్తాను బట్టి కాదు. బరువు స్థానంలో ఆవేశం పెట్టండి. ఒక కూలుంబుకు ఎన్ని జౌళ్ల పని అన్నదే వోల్టు. "అనంత దూరం నుంచి" అనడం, ఎత్తును సముద్ర మట్టం నుంచి కొలవడం లాంటిది. ఎక్కడో ఒకచోట సున్నా పెట్టుకోవాలి కాబట్టి అక్కడ పెట్టుకున్నారు. మీ మీటరుకు ఆ సున్నాతో పని లేదు, రెండు మొనల ఎత్తుల తేడానే చూపిస్తుంది. కాబట్టి మీది, పుస్తకానిది రెండూ ఒకటే.

పిల్లలు జారిపడే చోటు ఇంకొకటి ఉంది. కొండ మీద గుడి ముందు చదునుగా ఉన్నచోట బంతి పెడితే దొర్లదు. దొర్లలేదు కాబట్టి మనం కిందే ఉన్నాం అనం కదా. వాలు లేకపోవడం వేరు, ఎత్తు లేకపోవడం వేరు. వాలు అంటే విద్యుత్ క్షేత్రం, ఎత్తు అంటే పొటెన్షియల్. ఆవేశం ఇచ్చిన బోలు గోళం లోపల క్షేత్రం సున్నా, పొటెన్షియల్ మాత్రం పైపొర మీద ఎంతో లోపలా అంతే. "క్షేత్రం సున్నా కాబట్టి పొటెన్షియల్ సున్నా" అని రాసిన పేపర్లు నా సర్వీసులో ఎన్ని దిద్దానో.

ఇక కెపాసిటెన్స్. దీనికి కొండ పనికిరాదు, నీళ్ల డ్రమ్ము పనికొస్తుంది. పోసిన నీళ్లు ఆవేశం, నీటిమట్టం వోల్టేజీ, డ్రమ్ము అడుగు వైశాల్యం కెపాసిటెన్స్. వెడల్పాటి గోలెంలో రెండు బిందెలు పోస్తే మట్టం బెత్తెడు లేస్తుంది, సన్నటి గొట్టంలో అవే రెండు బిందెలు పోస్తే నెత్తి దాటుతుంది. ఒక్క వోల్టు లేవాలంటే ఎంత ఆవేశం పోయాలి అన్నదే కెపాసిటెన్స్. దాన్ని కొలిచే ప్రమాణం ఫారడ్, అందులో పది లక్షల వంతు మైక్రోఫారడ్. ఒక ఫారడ్ ఎంత పెద్దదో మీ అమ్మాయికి చెప్పండి, సరదాపడుతుంది. మన భూమి మొత్తాన్నీ ఒక లోహపు బంతి అనుకుని లెక్క కడితే సుమారు 710 మైక్రోఫారడ్లే వస్తుంది. ఒక ఫారడ్ రావాలంటే ఆ బంతి వ్యాసార్ధం 90 లక్షల కిలోమీటర్లు ఉండాలి, అంటే సూర్యుడి వ్యాసార్ధానికి సుమారు 13 రెట్లు. మీరు జేబులో వేసుకు తిరిగే ఫ్యాను కండెన్సర్లు ఓ మూడు వందలు కలిపితే భూమిని దాటేస్తాయి. పలకలను అంత దగ్గరగా పెట్టడం వల్ల వచ్చిన గొప్ప అది.

ఇప్పుడు ప్లాస్టిక్ ముక్క. దానిలో కరెంటు పారదు, కానీ దాని అణువుల్లో ప్లస్సు, మైనసు రెండూ ఉన్నాయి. పలకల మధ్య పెట్టగానే ప్లస్సు పలక వైపుకు మైనసులు, మైనసు పలక వైపుకు ప్లస్సులు కొంచెం జరుగుతాయి. ఊడి రావు, జరుగుతాయంతే. దాంతో ముక్క రెండు ముఖాల మీదా ఎదురు ఆవేశం తేలుతుంది, అది లోపలి క్షేత్రాన్ని కొంత కొట్టేస్తుంది. ఎంత వంతుకు తగ్గించిందో ఆ సంఖ్యే డైఎలక్ట్రిక్ స్థిరాంకం. 1837లో ఫారడే ఒకేలాంటి రెండు గోళాకారపు కండెన్సర్లు చేసి, ఒకదానిలో గాలి ఉంచి, రెండోదానిలో గంధకం, లక్క, గాజు లాంటివి పెట్టి ఆవేశం ఎలా పంచుకుంటాయో పోల్చి చూసే దీన్ని తేల్చాడు. మీ కండెన్సర్ మీద ఉండే ఫారడ్ ఆయన పేరే.

అసలు లెక్కకు వద్దాం. 2 మైక్రోఫారడ్ల కండెన్సర్, 100 వోల్టుల బ్యాటరీ. ఆవేశం 200 మైక్రోకూలుంబులు, లోపలి శక్తి ఆవేశాన్ని వోల్టేజీతో గుణించి సగం చేస్తే వచ్చేది, అంటే 10 మిల్లీజౌళ్లు. స్థిరాంకం 2 ఉన్న ముక్క తీసుకుందాం.

బ్యాటరీ పీకేసి ముక్క పెట్టారు. ఆవేశం ఎటూ పోలేదు, పోవడానికి దారి లేదు. అదే 200. కెపాసిటెన్స్ 4 అయింది, కాబట్టి వోల్టేజీ 50కి దిగింది. శక్తి 5 మిల్లీజౌళ్లే. సగం మాయం. ఎక్కడికి పోయిందంటే మీ చేతికి వచ్చింది. ముక్కను మీరు లోపలికి తొయ్యక్కర్లేదు, పలకల అంచుల దగ్గర వంగిన క్షేత్రం దాన్ని తనే లాక్కుంటుంది. మీరు వెనక్కి పట్టుకుని మెల్లగా వదలాలి. ఆ లాగడానికి ఖర్చయిన పనే పోయిన 5. వదిలేస్తే ముక్క లోపలికీ బయటికీ ఊగి ఊగి, చివరికి ఆ ఊపంతా వేడిగా మారి ఆగుతుంది.

రెండోసారి బ్యాటరీ తగిలించే ఉంచారు. ఇప్పుడు వోల్టేజీ దిగడానికి వీల్లేదు, బ్యాటరీ 100 దగ్గరే పట్టుకుని కూర్చుంది. కెపాసిటెన్స్ 4 కాబట్టి ఆవేశం 400 అయింది, శక్తి 20. అదనంగా వచ్చిన 200 మైక్రోకూలుంబులనూ బ్యాటరీ 100 వోల్టుల ఎత్తు మీద నుంచి పోసింది, అంటే 20 మిల్లీజౌళ్లు ఇచ్చింది. అందులో 10 కండెన్సర్ లోపల దాచుకుంది, మిగతా 10 ముక్కను లాగడానికి. చూడండి, ముక్కను లాక్కోవడం రెండు చోట్లా జరిగింది. ఒకచోట ఆ ఖర్చు కండెన్సర్ తన దాచుకున్న సొమ్ములోంచి పెట్టుకుంది, రెండోచోట బ్యాటరీ భరించింది.

ఫార్ములాలు రెండు కాదు. శక్తికి ఒకటే ఫార్ములా, దాన్ని ఆవేశంతోనూ రాయొచ్చు, వోల్టేజీతోనూ రాయొచ్చు. ఏది మారకుండా ఉందో దానితో రాసుకుంటే లెక్క తేలిక, అంతే.

నీళ్ల ప్రశ్నకు రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్

మాస్టారి లెక్క చదివాను, అందులో మొదటిది, కనెక్షన్ పీకేసిన కండెన్సర్ సంగతి, నేను స్వయంగా అనుభవించాను. మా విజయవాడ ఆటోనగర్‌లో నేను పనిలో చేరిన కొత్తలో కండెన్సర్ చూసే పద్ధతి మీకు తెలిసిందేగా. రెండు వైర్లూ ప్లగ్గులో పెట్టి తీసి, ఒకదానికొకటి తాకిస్తే టప్‌మని మెరవాలి. మెరిస్తే మంచిది, లేకపోతే పారెయ్. ఒకరోజు అలా ప్లగ్గులోంచి తీసేసరికి ఎవరో పిలిచారు. తాకించడం మరిచిపోయి చొక్కా జేబులో వేసుకున్నా. టీ కొట్టు దాకా నడిచాక చెమటకు జేబు తడిసింది. గుండె మీద గుద్దినట్టయింది, గ్లాసు చేతిలోంచి ఎగిరిపోయింది. కనెక్షన్ తీసేసినా ఆవేశం ఎక్కడికీ పోదు అని ఆ రోజు తెలిసింది నాకు.

వైండింగ్ అన్నకు రెండు మాటలు. ఆ మెరుపు పరీక్ష మానెయ్. 1.4 అయిపోయిన కండెన్సర్ కూడా మెరుస్తుంది, ఫ్యాను మాత్రం తిరగదు. ఇంకోటి, మంచి కండెన్సర్ కూడా ఒక్కోసారి మెరవదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు పైకీ కిందికీ పోతుంది, నువ్వు సరిగ్గా సున్నా దగ్గర పీకావనుకో, లోపల ఏమీ ఉండదు. శిఖరం మీద పీకితే 325 వోల్టులు. ఈ సంగతి తెలియక ఎన్ని మంచి కండెన్సర్లు చెత్తబుట్టలో వేశానో. మీటరే దిక్కు.

ఫ్యానుది కాబట్టి గుద్దుతో సరిపోయింది. లెక్క వేస్తే 0.13 జౌలు. ఏసీ బయటి యూనిట్లో 50 మైక్రోఫారడ్లది ఉంటుంది, అది దానికి ఇరవై రెట్లు. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చెయ్యొద్దు, హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి పాత ఫిలమెంట్ బల్బు ద్వారా ఖాళీ చెయ్. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి అసలు పోవద్దు, అందులో వేల వోల్టులు. ప్రాణం పోతుంది.

నీ మొదటి అనుమానానికి జవాబు నాకు తెలుసు. పోయిన కండెన్సర్ని రంపంతో కోసి చూడు. లోపల ప్లాస్టిక్ రిబ్బను చుట్ట ఉంటుంది, దాని మీద వెండిలా మెరిసే పూత. ఆ పూతే పలక. వెలుతురుకు పట్టుకుని చూస్తే పూత మీద సూది మొనంత, అక్కడక్కడా ఆవగింజంత ఖాళీ మచ్చలు కనిపిస్తాయి. హైవోల్టేజీ దెబ్బలకు ప్లాస్టిక్‌లో బలహీనంగా ఉన్నచోట చిన్న స్పార్క్ వస్తుంది. ఆ స్పార్క్ చుట్టూ ఉన్న పూత ఆవిరైపోతుంది, దాంతో అక్కడ షార్ట్ అవకుండా తనంతట తనే బాగు చేసుకుంటుంది. కానీ ప్రతిసారీ కాస్త పూత పోయినట్టే.

గుంటూరు వైండింగ్

ఆటోనగర్ అన్నా, దండం. రాత్రి షాపు మూసేముందు మూడు కోశాను. ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూస్తే నువ్వు చెప్పినట్టే, చిల్లులు పడ్డ దోమతెరలా ఉంది ఒకటి. ఇరవై రెండేళ్లుగా ఇవి పారేస్తున్నాను, ఒక్కటీ విప్పి చూడలేదు. "కండెన్సర్ వీకయిందండీ" అని కస్టమర్లకు చెప్పేవాణ్ణి. వీకవడం అంటే పలక వైశాల్యం తరిగిపోవడం! వైశాల్యం తగ్గితే కెపాసిటెన్స్ తగ్గుతుందని మా పాప పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది.

మాస్టారూ, బ్యాటరీ సొమ్ము, సొంత సొమ్ము అన్న మాటతో నాకు తేలిపోయింది. మా పాపకు ఫోన్‌లో చెబుదామంటే హాస్టల్లో ఫోన్ ఇవ్వరు. ఆదివారం దాకా ఆగాలి.

పాత ఫిజిక్స్ మాస్టారు

ఆటోనగర్ గారు నా పని సగం చేసేశారు. మిగిలిన రెండూ చెప్తాను.

250కీ 440కీ సైజు తేడా. ప్లాస్టిక్ పొర ఎన్ని వోల్టులకు చిల్లు పడుతుందన్నది దాని మందాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువ వోల్టులు ఆపాలంటే మందం పెంచాలి. మందం పెరిగితే పలకల మధ్య దూరం పెరిగి కెపాసిటెన్స్ పడిపోతుంది. దాన్ని మళ్లీ 2.5కి తేవాలంటే వైశాల్యం పెంచాలి. మందమూ పెరిగె, వైశాల్యమూ పెరిగె, ఇక చుట్ట లావెక్కక ఏం చేస్తుంది? ఉదాహరణకు పొర 6 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఆరు అనుకోండి, పాలీప్రొపిలీన్ స్థిరాంకం 2.2. 2.5 మైక్రోఫారడ్లు రావాలంటే దాదాపు ముప్పావు చదరపు మీటరు పలక కావాలి. ఒక చిన్న దుప్పటి ముక్కను బొటనవేలంత డబ్బాలో చుట్టి పెట్టారన్నమాట.

నీళ్ల విషయం. నీటి అణువుకు పుట్టుకతోనే ఒక కొస ప్లస్సు, ఇంకో కొస మైనసు. క్షేత్రంలో పెట్టగానే అణువుకు అణువే తిరిగి నిలబడుతుంది, అందుకే 80. అయితే కృష్ణా కాలవ నీళ్లలో లవణాలున్నాయి, వాటి అయాన్లు ఒక పలక నుంచి రెండో పలకకు ఆవేశాన్ని మోసుకుపోతాయి. దాచుకున్నది దాచుకున్నట్టే కారిపోతుంది. బాగా శుద్ధి చేసిన నీళ్లైనా కొంత కారుస్తాయి. డైఎలక్ట్రిక్‌కు రెండు గుణాలు కావాలి: అణువులు కదలాలి, ఆవేశం దాటకూడదు. నీళ్లకు మొదటిది నిండుగా ఉంది, రెండోది లేదు. అందుకే మీ కండెన్సర్ డబ్బాలో రెజిన్ పోసి బిగిస్తారు, తేమ చేరకుండా.

ఇంకో తమాషా. ప్రపంచంలో తొలి కండెన్సర్లలో నీళ్లు వాడారు. 1745–46లో క్లైస్ట్, ముషెన్‌బ్రూక్ అనే ఇద్దరు విడివిడిగా కనిపెట్టిన లైడెన్ జాడీ. గాజు సీసా నిండా నీళ్లు, అందులో ఒక తీగ, బయట సీసాను పట్టుకున్న మనిషి చెయ్యి. ముషెన్‌బ్రూక్‌కు తగిలిన దెబ్బకు ప్రాణం పోయిందనే అనుకున్నాడట. ఆటోనగర్ గారి టీ గ్లాసు కథే, 1746లో. కాకపోతే ఆ సీసాలో నీళ్లు డైఎలక్ట్రిక్ కాదు. నీళ్లు ఒక పలక, మనిషి చెయ్యి రెండో పలక, మధ్యలో గాజు డైఎలక్ట్రిక్. నీళ్లకు ఏ పని వచ్చో ఆ పని చేయించారు.

ఆదివారం మీ అమ్మాయి వచ్చినప్పుడు ఒక పని చెయ్యండి. వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ ఉంటే 20 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్లు ఉండేలా రెండు ముక్కలు కత్తిరించండి. మధ్యలో కొంచెం పెద్దగా ఉండే నోటుబుక్ కాగితం. మీ మీటరులో నానోఫారడ్ల రేంజి ఉంటే చాలు. ముందు లెక్క కట్టమనండి, తర్వాత కొలవండి. రెండూ కలవవు. ఎందుకు కలవలేదో ఆమెనే చెప్పమనండి.

గుంటూరు వైండింగ్

మాస్టారూ, ఆదివారం అయింది. రాత్రి పదకొండుకి రాస్తున్నాను.

కాగితం మందం వైండింగ్ వైరు కొలిచే మైక్రోమీటరుతో కొలిచాం. పది కాగితాలు కలిపితే 0.99 మిల్లీమీటర్లు, అంటే ఒక్కోటి 0.1. మా పాప "ఇది మా ప్రాక్టికల్స్‌లో స్క్రూగేజీయే కదా" అని మురిసిపోయింది. కాగితానికి స్థిరాంకం రెండున్నర అనుకుని లెక్క వేస్తే 6.6 నానోఫారడ్లు వచ్చింది. కొలిస్తే 1.4! అదీ నిలకడగా లేదు, ఫ్యాను గాలికి కూడా మారుతోంది. ఫ్యాను ఆపాం. అప్పుడు మా ఆవిడ వచ్చి ఏం చేస్తున్నారని చెయ్యి ఆనించి చూసింది, అంకెలు గబగబా పెరిగాయి. దాంతో పాపకు వెలిగింది. దాని ఫిజిక్స్ మెటీరియల్ మొత్తం పెట్టాం, దాని మీద పచ్చడి రోలు పెట్టాం. 4.1 దగ్గర నిలబడింది. ఇంకా 6.6 రాలేదు.

అది ఒక పావుగంట గోడకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత తనే చెప్పింది. ఫాయిల్ కాగితానికి పూర్తిగా అంటుకోలేదు, మధ్యలో గాలి పొర ఉంది. కాగితం ఒక కండెన్సర్, గాలి ఒక కండెన్సర్, రెండూ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టు. తిరగేసి లెక్క కడితే గాలి మందం 0.025 మిల్లీమీటర్లు వచ్చింది, కాగితంలో నాలుగో వంతు. అంత సన్నటి గాలే 6.6ని 4.1కి లాగేసింది. కాగితం మందాన్ని రెండున్నరతో భాగించాలి, గాలి మందాన్ని ఒకటితోనే భాగించాలి కాబట్టి గాలి సన్నగా ఉన్నా బరువు ఎక్కువట. ఇది దాని మాటే.

మీరు చెప్పిన బ్యాటరీ లెక్క కూడా చెప్పాను. వినగానే "అయితే సార్ చెప్పింది రెండు ఫార్ములాలు కాదు, ఎవరి సొమ్ము అనేగా" అంది. ఆరు గంటలకు హాస్టల్లో దింపి వచ్చాను. ఫాయిల్ రోలు సగం అయిపోయిందని మా ఆవిడ గొడవ.

పాత ఫిజిక్స్ మాస్టారు

అమ్మాయికి నా ఆశీస్సులు. ఇంకొక్క మెట్టు ఎక్కించండి. ఆ సన్నటి గాలి పొరలో క్షేత్రం కాగితంలో కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. మామూలు గాలి తట్టుకునేది మిల్లీమీటరుకు 3,000 వోల్టుల దాకానే. అంటే రెంటిలోకీ బలహీనమైనదాని మీదే ఎక్కువ భారం పడుతోంది. హైవోల్టేజీ పనుల్లో ఇన్సులేషన్ లోపల గాలి బుడగ మిగిలితే ముందు అక్కడే చిన్న చిన్న స్పార్కులు లేచి, ఏళ్ల తరబడి చుట్టూ ఉన్న సరుకును తినేస్తాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ లాంటి చోట్ల జనరేటర్ కాయిళ్లకు అభ్రకం టేపు చుట్టి, గాలి లాగేసి, రెజిన్ పట్టిస్తారు. అభ్రకం ఆ స్పార్కులకు బాగా తట్టుకుంటుంది. మన గూడూరు అభ్రకానికి అంత పేరు రావడం ఊరికే కాదు.

గుంటూరు వైండింగ్

మాస్టారూ, ఈ మాట చదివి షాపులో కూర్చుండిపోయాను. మా గురువు వార్నిష్ పోసేటప్పుడు కాయిలును ముందు వేడి చేయించేవాడు. తర్వాత బుడగలు రావడం ఆగేదాకా వార్నిష్ తొట్టిలో ముంచి ఉంచమనేవాడు. తొందరపడి తీస్తే నెత్తి మీద మొట్టేవాడు. ఎందుకని అడిగితే "బుడగ ఆగాలిరా, అంతే" అనేవాడు. 230 వోల్టుల మోటారుకు అంత అవసరమా అని మీరు అనొచ్చు, దానికి తేమ పోవడానికీ తీగలు కదలకుండా ఉండటానికీ వార్నిష్ అని నాకూ తెలుసు. కానీ ఆయన కుర్రతనంలో పెద్ద మోటార్ల షాపులో, 11 వేల వోల్టుల వాటి దగ్గర పని నేర్చుకున్నాడు. అలవాటు అక్కడిది.

నిన్న వచ్చిన సబ్‌మెర్సిబుల్ మోటారు ఒకటి తొట్టిలోనే ఉంది. కుర్రాడు తీసెయ్యమంటారా అని అడుగుతున్నాడు. ఇంకా బుడగలు వస్తున్నాయి, ఉండనివ్వమన్నాను.